ఊపిరి తగలని సీసాలు

భీమిలి నుంచి పూడిమడక దాకా ఎన్ని రేవులున్నాయో అన్నిట్లోనూ వాకబు చేసుకోండి. నీళ్లలో ఊపిరి బిగబట్టడంలో ఈ సూరన్నని మించినవాడు ఇంకా పుట్టలేదు. ఒకసారి మా పడవ లంగరు రాతి సందులో ఇరుక్కుంటే విడిపించడానికి దూకాను. పైన మావాళ్లు పొయ్యి రాజేశారు, అన్నం వండారు, వార్చారు, తిన్నారు, చేతులు కూడా కడుక్కున్నారు. నేనింకా అడుగునే ఉన్నాను. ఒక పెద్ద వంజరం చేప వచ్చి, ఈ మనిషి పోయాడేమోనని నా ముక్కు దగ్గర చెవి పెట్టి చూసింది. వంజరానికి చెవి ఎక్కడుంటుందని అడుగుతారా? పెట్టించుకున్నవాణ్ణి నేను. నాకు తెలుసు, చెప్పను.

ఈ సంగతి జాలరిపేట ఒడ్డున చెప్పుకున్నన్నాళ్లూ ఎవరికీ ఏ నష్టమూ జరగలేదు. కూర్మన్నపాలెం తీసుకెళ్లి మా కోడలి ముందు చెప్పాను. అక్కడొచ్చింది చిక్కు.

వేసవిలో చేపలు గుడ్లు పెట్టే కాలమని సర్కారు వేట ఆపేస్తుంది. పడవలు ఇసకలో పడుకుంటాయి. మా ఆవిడ పోతమ్మకి అమ్ముకోడానికి చేపలుండవు, నాకు ఒడ్డున వినేవాళ్లుండరు. అప్పుడు ఇద్దరం మా అబ్బాయి వాసు ఇంటికి పోతాం. వాసు స్టీలు ప్లాంటులో క్రేను నడుపుతాడు. వాడి పెళ్లాం సూర్యకళ గాజువాకలో ఒక కాలేజీలో పిల్లలకి చెట్ల పాఠం చెబుతుంది. బంగారంలాంటి పిల్ల. దానికున్న లోపం ఒకటే. పెద్దవాళ్లు చెప్పిందల్లా నమ్ముతుంది.

ఆ పిల్లకి పెళ్లయినప్పుడు వాళ్లమ్మ సారె కావిడితో పాటు ఒక మొక్కని పంపింది. మట్టిలో పెరిగే మొక్క కాదు. చెక్కముక్కకి కట్టి, వేళ్లు గాల్లోకి వదిలేసిన ఆర్కిడ్. ఏడాదికోసారి పూసేది. పూసినప్పుడు వీధి చివరిదాకా వాసన. క్రితం వానలకి అది కుళ్లి చచ్చిపోయింది. పోయేముందు ఒక్క కాయ కాసింది. ఆ కాయలో గింజల్ని సూర్యకళ కాగితం పొట్లంలో కట్టి ఫ్రిజ్‌లో దాచుకుంది.

వాళ్లమ్మ వారానికోసారి ఫోను చేసి, అల్లుడి క్షేమంకన్నా ముందు అడిగే మాట ఒకటే: "మొక్క ఎలగుందే?"

సూర్యకళ చెప్పేదీ ఒకటే: "బాగుందమ్మా."

చచ్చిన మొక్కని అన్ని నెలలు బాగుందని చెప్పుకొస్తోంది! విని నా కడుపు నిండిపోయింది. ఈ పిల్ల మా ఇంటికి రావలసిన పిల్లే. కానీ దసరాకి వాళ్లమ్మ స్వయంగా వస్తానంది. ఈలోగా ఆ గింజలు మొలిచి తీరాలి.

ఆర్కిడ్ గింజని మీరు చూశారా? చూసి ఉండరు. చూసినా దుమ్మనుకుని ఊదేసి ఉంటారు. కొబ్బరికాయని చూడండి, లోపల కూడూ నీళ్లూ మూట కట్టుకుని ఊరు బయల్దేరుతుంది. ఈ గింజ చేతులూపుకుంటూ వచ్చేస్తుంది. అడివిలో అయితే దీనికి ఏదో ఒక జాతి బూజు అన్నం పెడుతుందట. ఇంట్లో అయితే మనమే పెట్టాలి. పంచదార, కొబ్బరినీళ్లు, కాస్త అరటిపండు, సముద్రపు నాచుతో చేసిన ఒక పొడి కలిపి కాచి, సీసాల్లో పోసి, కుక్కర్లో పెట్టి ఉడికిస్తుంది మా కోడలు. చల్లారితే జున్నులా పేరుకుంటుంది. దాని మీద గింజలు చల్లి మూత బిగించాలి.

ఆ జున్ను చూస్తే నాకే నోరూరింది. గాల్లో తిరిగే పనికిమాలిన బూజుకి ఊరదా? మూత తీసిన ఆ రెప్పపాటులో ఒక్క రేణువు లోపల పడితే చాలు. పెళ్లికొడుకు కాళ్లు కడుక్కునేలోపు పిలవని చుట్టాలు విందంతా నాకేసినట్టు, గింజ కళ్లు తెరిచేలోగా సీసా మొత్తం బూజే.

అందుకని సూర్యకళ ఒక పెట్టె తయారు చేసింది. చేపలకి ఐసు వేసి లారీల్లో పంపే తెల్ల థర్మాకోల్ పెట్టె లేదూ, అదే. జాలరిపేట నుంచి నేనే మోసుకొచ్చాను. కడిగి, ఎండేసి, స్పిరిటుతో తుడిచి, పైన గాజుపలక బిగించి, పక్కల చేతులు దూర్చుకోడానికి కన్నాలు కోసింది. లోపల గాలి కదలకూడదు. ఒకరు సీసా వంచి మూత తీయాలి, ఇంకొకరు గింజలు వేయాలి, వెంటనే మూసేయాలి. అంటే రెండు జతల చేతులు కావాలి.

మొదటిసారి వాసు కూర్చున్నాడు. వాడికి స్పిరిటు వాసన పడదు. పెట్టెలోకే తుమ్మాడు. ఆ సీసాల సంగతి ఇక అడక్కండి.

అప్పుడు పడ్డాయి మా కోడలి కళ్లు నా మీద.

"మావయ్యా, మీరు నీళ్లలో అంతసేపు ఊపిరి ఆపేవారు కదా. నాకు మీ ఊపిరి కావాలి."

"ఊపిరేటమ్మా, నా పేణమే తీసుకో!"

"ప్రాణం వద్దు. ఊపిరి లోపలే ఉంచుకోండి, చాలు."

వంటింటి గుమ్మంలోంచి పోతమ్మ నవ్వింది. "ఒలమ్మ, ఆ నోట్లో ఊపిరి ఆగుద్దా? ఎల్లెల్లి గోదారిని సంచిలో కట్టు."

ఆడవాళ్ల మాట పట్టించుకోకుండా నేను స్నానం చేశాను, ఉతికిన చొక్కా తొడిగాను, మోచేతుల దాకా స్పిరిటు రాయించుకున్నాను. మూతికి మాస్కు. తలుపులు మూశారు, ఫ్యాను ఆపారు. మండువేసవిలో విశాఖపట్నంలో ఫ్యాను ఆపిన గది ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. కుక్కర్లో సీసాలతో పాటు మేమూ ఉడికాం.

పెట్టెలో చేతులు దూర్చి మొదటి సీసా మూత తీశాను. ఊపిరి బిగబట్టే ఉన్నాను. సూర్యకళ గింజలు వేసింది. మూత పెట్టాను. రెండోదీ అంతే. నా పనితనం చూసి నాకే ముచ్చటేసింది. ఆ ముచ్చటలో లంగరు గుర్తొచ్చింది. గుర్తొచ్చింది చెప్పకుండా ఉంటే నాకు ఒంటికి పడదు. మాస్కు లోంచి చెబితే సగం మాట గుడ్డలోనే ఉండిపోతుంది కదా, అందుకని దాన్ని గడ్డం కిందికి లాగాను.

"అమ్మా సూర్యకళా, ఆ రోజు నాను అడుగుకి ఎల్లేసరికి..."

"మావయ్యా, మాస్కు."

"పెట్టుకుంతాను. వంజరం వచ్చినకాడికి సెప్పేసి పెట్టుకుంతాను."

వంజరం వచ్చేసరికి సీసాలన్నీ అయిపోయాయి.

కొద్ది రోజులకి సీసాల్లో తెల్లటి దూది మొలిచింది. తర్వాత దూది పచ్చబడింది. ఆ తర్వాత నల్లబడింది. ఇంట్లో విచారణ మొదలైంది. నేను వాసు బూట్ల మీద నేరం మోపాను. వాసేమో వాళ్లమ్మ తెచ్చిన ఎండుచేపల మీద మోపాడు. పోతమ్మ మాత్రం దిష్టి అని తేల్చేసింది. కొత్త పడవని నీళ్లలోకి దించేముందు దిష్టి తీస్తాం కదా, సీసాలకి తీయలేదట. ఉప్పూ మిరపకాయలూ గుప్పిట్లో పట్టి ఖాళీ సీసాల చుట్టూ తిప్పి పొయ్యిలో వేసింది. ఘాటుకి వాసు మళ్లీ తుమ్మాడు. కింద వాటాలో ఉండే వీర్రాజు, ఇల్లు అంటుకుందనుకుని నీళ్ల బిందెతో పైకొచ్చాడు. వీర్రాజు గోదావరి జిల్లా మనిషి, పోర్టులో ఉద్యోగం. నెమ్మదస్తుడు, కానీ నేను చెప్పేవాటిలో ప్రశ్నలడిగే చెడ్డలవాటు ఒకటుంది.

 సూర్యకళ మళ్లీ జున్ను కాచింది. ఈసారి సీసాల్లో కాదు, మూతలున్న గాజు పళ్లేల్లో పోసింది. బూజు ఎక్కణ్ణుంచి వస్తోందో అవే చెబుతాయంది. ఒక పళ్లెం థర్మాకోల్ పెట్టెలో కాసేపు మూత తీసి ఉంచింది. ఒకటి వంటింట్లో, ఒకటి తిరిగే ఫ్యాను కింద. ఇంకోటి తెచ్చి నా ఎదురుగా బల్ల మీద పెట్టి మూత తీసింది.

"మావయ్యా, ఆ వంజరం సంగతి ఇంకోసారి చెప్పండి."

నా జన్మలో నన్ను ఎవరైనా అడిగి చెప్పించుకోవడం అదే మొదలు. ఉండబట్టలేక లేచి నిలబడి చెప్పాను. లంగరు చెప్పాను, రాయి చెప్పాను, ఈసారి వంజరం పక్కన ఒక పీతని కూడా కలిపాను. అయిపోయాక సూర్యకళ దండం పెట్టి పళ్లేనికి మూత పెట్టేసింది. మెచ్చుకోవడానికి దండం పెట్టిందనుకున్నాను.

కొన్నాళ్లకి పళ్లేలన్నీ వరసగా పేర్చింది. పెట్టెలోది శుభ్రం. వంటింటిదాంట్లో అక్కడో మచ్చ ఇక్కడో మచ్చ. ఫ్యాను కిందదాంట్లో ఇంకాస్త. నాది చూద్దురు కదా! పచ్చ, పసుపు, గులాబి, నలుపు. ఒక మూల తెల్లటి నూగు అచ్చం నా మీసంలా వంపు తిరిగి ఉంది. జాతరలో రంగులరాట్నం దగ్గర కూడా అన్ని రంగులుండవు.

"అయ్యా, నీ నోట్లో ఊరేగింపు తిరుగుతంది!" అన్నాడు వాసు.

పోతమ్మ రెండు బుగ్గలూ నొక్కుకుంది. "ఓలమ్మో! ఇన్నేళ్లూ నాను దీని పక్కనా తొంగున్నాను?"

నేను మీసం దువ్వాను. "సూసేరా? మీ గాలికి ఒకటీ అరా. నా మాటకి తోటే లేసింది."

అందరూ నవ్వారు. సూర్యకళ కూడా నవ్వబోయింది. ఇంతలో ఫోను మోగింది. వాళ్లమ్మ. మొక్క ఎలగుందే? బాగుందమ్మా. ఆ మాట అంటూనే ఆ పిల్ల ఫ్రిజ్ తలుపు తీసి పొట్లం విప్పి చూసుకుంది. చిటికెడు కూడా లేవు గింజలు. గోటి మీద పట్టేటన్ని. అవీ బూజుపాలైతే ఆ మొక్క వంశం అక్కడితో సరి. అది చూశాక మీసం మీంచి చెయ్యి నాకు తెలియకుండానే కిందికి దిగిపోయింది.

"అమ్మా, ఈసారి మాట్టాడను. ఊపిరి నిజంగా బిగబడతాను," అన్నాను.

పళ్లేలు చూడ్డానికి పైకొచ్చిన వీర్రాజు గొంతు సవరించుకున్నాడు. "ఎందుకైనా మంచిదండి, ముందోసారి చూసేద్దామండి సూరన్నగారూ. మేడమీద బకెట్టు ఉందండి."

గోదావరి వాళ్లు మర్యాదగానే మనిషిని ముంచుతారు. మేడెక్కాం. బకెట్టు నిండా నీళ్లు. వీర్రాజు ఫోనులో గడియారం తెరుస్తున్నాడు. నేను గుండె నిండా గాలి పీల్చి తల ముంచాను. లోకం నిశ్శబ్దమైంది. చాలాసేపే ఉన్నాను. ఇక చాల్లెమ్మని తల ఎత్తాను.

"ఇదేంటండీ, నేనింకా గడియారం నొక్కనే లేదండి," అన్నాడు వీర్రాజు.

"మరేటి బావ, బేగి నొక్కొద్దా?" అన్నాను.

ఇక దాచడం దేనికి? లంగరు విడిపించడానికి దూకింది నేను కాదు, మా బావమరిది నూకాలు. నేను పడవలో అన్నం వార్చాను. ఆ అన్నం తిన్నవాళ్లలోనూ మొదటివాణ్ణి నేనే. నీళ్లలో తల పెడితే నాకు చిన్నప్పటి నుంచీ చెవిపోటు. వంజరం మాత్రం వచ్చిందట. నూకాలే చెప్పాడు. వాడు నాకన్నా పెద్ద అబద్ధాలకోరు.

మేడ దిగి వచ్చేసరికి పోతమ్మ గడప మీద కూర్చుని వెల్లుల్లి ఒలుస్తోంది, నోట్లో చుట్టతో. మా వైపు ఆడవాళ్లు చుట్ట ఎలా కాలుస్తారో పైఊళ్ల వాళ్లకి చెప్పాలి. నిప్పున్న వైపు నోట్లోకి పెట్టుకుంటారు. అడ్డపొగ అంటారు. సముద్రపు గాలికి నిప్పు ఆరదు, బుట్ట నెత్తిన పెట్టుకుంటే చేతులతో పని లేదు. ఆసుపత్రిలో డాక్టరమ్మ నోరంతా చూసి కేకలేసిన దగ్గర్నుంచి పోతమ్మ చుట్ట ముట్టించడం మానేసింది. పెట్టుకోవడం మాత్రం మానలేదు. చుట్ట నోట్లో ఉన్నంతసేపూ పెదాలు తెరవదు. ఊపిరంతా ముక్కుతోనే. చేప బేరం మొత్తం వేళ్లతోనూ కనుబొమలతోనూ చేసేస్తుంది. తిట్టాల్సి వస్తేనే చుట్ట తీస్తుంది.

సూర్యకళ గుమ్మంలో ఆగిపోయి ఆవిణ్ణే చూస్తోంది.

"అత్తా, మీరు కూర్చుంటారా పెట్టె దగ్గర?"

పోతమ్మ చుట్ట తీసింది. "నానా? కూకుంతాను."

"చుట్ట లేకుండా కూర్చోవాలి. అది ఎండాకు కదా, దానికీ బూజు ఉంటుంది."

"సుట్ట నేకపోతే నోరు తెరుత్తాను. తెరిత్తే మీ మావ గురించి సెప్తాను. ఒకసారి మొదలెడితే ఇక ఆపడం నా వల్ల కాదు."

సూర్యకళ కాసేపు ఆలోచించింది. నా గురించి మూడు వేసవులుగా వింటోంది కదా, చుట్టే నయమనుకుంది. చుట్ట మీద మాస్కు, ఆ మాస్కు మీద ఇంకో మాస్కు కట్టింది. లోపల చుట్ట నిక్కి ఉండేసరికి మా ఆవిడ ముఖం ముందు డేరా వేసినట్టు, కొంగ ముక్కుకి తొడుగు వేసినట్టు తయారైంది. వాసు గోడవైపు తిరిగి భుజాలు కదిలించాడు.

తర్వాత గాజుల దగ్గర పేచీ. గాజుల సందుల్లో మురికి ఉంటుంది, తీసేయమంది కోడలు. పోతమ్మ నా వైపు చూపుడువేలు చూపించింది. మొగుడు కళ్లెదురుగా నిలబడి ఉండగా గాజులు ఎలా తీయనని దాని అర్థం.

"కాసేపు నాను లేననుకో," అన్నాను.

మాస్కుల లోంచి ఒక మూలుగు వచ్చింది. చుట్ట లేకపోతే అది ఏ మాటగా బయటికొచ్చేదో నాకు తెలుసు. చివరికి సూర్యకళ గాజుల్ని మోచేతి దాకా ఎక్కించి, పైనుంచి పొడుగాటి రబ్బరు తొడుగులు తొడిగి, వాటిని స్పిరిటుతో తుడిచింది. గింజల్ని బ్లీచింగు నీళ్లలో కడిగింది. తలుపులు మూసే ముందు నా వైపు తిరిగింది.

"మావయ్యా, మీరు..."

"నాకు తెలుసమ్మా," అన్నాను.

మేడమీదికి వెళ్లి, తువ్వాలు మూతికి గట్టిగా చుట్టుకుని, నీళ్ల ట్యాంకు నీడలో కూర్చున్నాను. ఒక్క మాట మాట్లాడలేదు. కింద గదిలో ఏమవుతోందో అని చెవులు రిక్కించి, ఆ పిల్ల గింజల కోసం మౌనవ్రతం పట్టాను. కాకి వచ్చి నా ముఖంలోకి చూసి, వీడేనా సూరన్న అని అనుమానపడి పోయింది.

తలుపు తీసేసరికి పోతమ్మ చెమటతో తడిసి ముద్దయింది. సీసాలన్నీ మూతలు బిగించుకుని బల్ల మీద ఉన్నాయి. మాస్కులు విప్పి, చుట్ట తీసి, ముందుగా గాజుల మాట పట్టుకుని నన్ను తిట్టింది. ఆపి ఉంచిందంతా ఒకేసారి వచ్చింది. సీసాలు అప్పటికే మూసి ఉండడం మా అదృష్టం.

వేట మళ్లీ మొదలైంది. మేం జాలరిపేట వచ్చేశాం. పోతమ్మ బుట్ట నెత్తికెత్తుకుంది. కానీ రోజూ బేరం మధ్యలో చుట్ట తీసి ఫోను చేసేది. "సీసాలెలగున్నాయే?"

ఒకదాంట్లో మళ్లీ దూది లేచిందంది సూర్యకళ. పోతమ్మ ఆ రోజు చేపలు సగం ధరకి ఇచ్చేసి ఇంటికొచ్చింది. మిగతావి ఎలా ఉన్నాయంటే, ఏమీ కనబడడం లేదత్తా అంది. బూజూ లేదు, మొలకా లేదు. అలాగే వానలు వచ్చాయి. అలాగే చవితి పందిళ్లు లేచాయి.

ఒక ఆదివారం వాసు మమ్మల్ని రమ్మని కబురు పెట్టాడు. వెళ్లేసరికి సూర్యకళ కిటికీ దగ్గర ఒక సీసా పట్టుకుని నిలబడి ఉంది. దుమ్ములాంటి గింజలన్నీ ఉబ్బి పచ్చటి చుక్కలయ్యాయి. ఆవగింజంత కూడా లేవు, కానీ సీసా నిండా ఉన్నాయి. పోతమ్మ సీసాకి మరీ దగ్గరగా ముఖం పెట్టి, గబుక్కున గుర్తొచ్చి, అరచేత్తో నోరు మూసుకుంది. మూత బిగించే ఉందత్తా అంటే కూడా చెయ్యి తీయలేదు.

అప్పుడే ఫోను మోగింది.

"మొక్క ఎలగుందే?"

సూర్యకళ సీసా వంక చూసింది, మా వంక చూసింది. "పిల్లల్ని పెట్టిందమ్మా," అంది. "తల్లి పోయింది. దసరాకి వస్తావు కదా, చూద్దువుగాని. నువ్వు లెక్కపెట్టలేనన్ని ఉన్నాయి."

 అవతల్నించి ఆవిడ అడిగిన మాట మాకందరికీ వినబడింది. "తల్లి పోయి ఎన్నాళ్లయిందే?"

మా కోడలు నా వైపు చూసింది. నేను ఆకాశం వైపు చూశాను. ఇలాంటి చోట్ల మనిషి తన అబద్ధం తనే మోసుకోవాలి.

నా పళ్లెం ఇప్పుడు సూర్యకళ కాలేజీలో గాజు బీరువాలో ఉంది. మూత చుట్టూ టేపు వేశారు. సీసాల దగ్గర మాట్లాడితే ఏమవుతుందో చూపించడానికి ఏటా కొత్త పిల్లలకి ముందు దాన్నే చూపిస్తుందట. నేను నూకాలుకి చెప్పాను, నా మాటలకి కాలేజీలో గౌరవం ఉందని. వాడు నమ్మలేదు.

మీరూ నమ్మడం లేదని తెలుసు. అడ్డచుట్ట మీద జోడు మాస్కులు కల్పన అనుకుంటున్నారు. కాదు, వాసు ఫోనులో ఫొటో ఉంది. బూజు మీసం కల్పన అనుకుంటున్నారు. గాజువాక వెళ్లి చూసుకోండి. ఊపిరి గొప్పని బకెట్టు దగ్గరే ఒప్పేసుకున్నాను. నేను అల్లింది ఒక్కటే. మేడమీద తువ్వాలు చుట్టుకుని మౌనవ్రతం పట్టానన్నది.

తువ్వాలు తీసుకెళ్లిన మాట నిజం. దాన్ని కింద పరుచుకుని కూర్చున్నాను. వీర్రాజు బట్టలు ఆరేసుకోడానికి పైకొచ్చాడు పాపం. తలుపు తీసేదాకా వాణ్ణి కదలనివ్వలేదు. తడి బట్టలు వాడి భుజం మీదే ఆరాయి.